వరుడి గెలుపులో దేవుడి వాటా: గ్రీకు పురాణాల్లో పెళ్లిపందేలు

గ్రీసులోని ఒలింపియాలో క్రీ.పూ. 470–457 ప్రాంతంలో కట్టిన, దేవతల రాజు జియస్ ఆలయానికి తూర్పు ముఖాన, పైకప్పు కింది త్రికోణంలో ఒక రథపందెం కథకు సంబంధించిన శిల్పాలు ఉండేవి. ఇప్పుడవి అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. శిల్పులు పరుగెత్తే రథాలను చెక్కలేదు, పందెం మొదలు కాబోయే క్షణాన్ని చెక్కారు. నడుమ జియస్, ఆయనకు చెరో పక్కన పీసా రాజు ఓయినోమావోస్, ఆయన కూతురిని అడగడానికి వచ్చిన పెలోప్స్, వారి పక్కన రాణి, రాకుమారి, ఆ తర్వాత గుర్రాలు. గుర్రాలకు వెనుక నేల మీద కూర్చున్న ముసలి భవిష్యవాది ఒకడు చెంపకు పిడికిలి ఆనించి చూస్తుంటాడు. జరగబోయేది ముందే తెలిసి, ఆపలేనివాడి ముఖం అది. పెలోప్స్ గెలుస్తాడని ఆలయానికి వచ్చే ప్రతి గ్రీకువాడికీ తెలుసు. ఎలా గెలిచాడన్న దగ్గర మాత్రం కథ రెండుగా చీలిపోతుంది. గ్రీకు పురాణాల్లోని పెళ్లిపందేలను అర్థం చేసుకోవడానికి ఆ చీలిక దగ్గర మొదలుపెట్టడమే సరైన దారి.

ఓయినోమావోస్ పెట్టిన షరతు ఇది. తన కూతురు హిప్పోడమేయాను కోరి వచ్చినవాడు ఆమెను తన రథంలో ఎక్కించుకుని, కోరింత్ భూసంధి దగ్గర ఉన్న సముద్రదేవుడు పొసైడన్ బలిపీఠం దాకా తోలుకుపోవాలి. రాజు తీరిగ్గా జియస్‌కు పొట్టేలును బలి ఇచ్చి, ఆ తర్వాతే తన రథమెక్కి వెంట తరుముతాడు. చిక్కకుండా చేరినవాడికి పిల్లనిస్తాడు, చిక్కినవాడి వీపులో బల్లెం దింపుతాడు. రాజు గుర్రాలు యుద్ధదేవుడు ఏరీస్ ఇచ్చినవి కాబట్టి ముందుగా బయలుదేరనివ్వడమన్నది పేరుకే ఔదార్యం. అప్పటికి 13 మంది చనిపోయారని కవి పిండార్ అంటాడు. వాళ్ల తలలను రాజు తన ఇంటి గోడలకు కొట్టించాడని తర్వాతి పురాణ సంకలనాలు చెబుతాయి. అల్లుడి చేతిలో చావు రాసి ఉందన్న జోస్యానికి భయపడి ఇలా చేశాడని కొందరు, కన్నకూతురి మీదే అతనికి మోహం కలిగిందని కొందరు కారణం చెప్పారు. ఏది నిజమనుకున్నా, ఆ పందెం అల్లుణ్ణి ఎంచుకోవడానికి పెట్టింది కాదు, అల్లుడనేవాడు రాకుండా చూసుకోవడానికి పెట్టింది.

క్రీ.పూ. 476లో సిరక్యూస్ పాలకుడు హియెరోన్ గుర్రపు పందెంలో సాధించిన ఒలింపిక్ విజయాన్ని కీర్తిస్తూ పిండార్ రాసిన గీతంలో మొదటి పాఠం ఉంది. పెలోప్స్ చీకట్లో ఒంటరిగా సముద్రపు ఒడ్డుకు వెళ్లి పొసైడన్‌ను పిలుస్తాడు. ఆ దేవుడు ఒకప్పుడు అతణ్ణి ప్రేమించి తనతో దేవలోకానికి తీసుకుపోయినవాడు. ఆ ప్రేమకు ఏమాత్రం విలువ ఉన్నా ఓయినోమావోస్ కంచు బల్లేన్ని కట్టడి చెయ్యి, అన్నిటికన్నా వేగమైన రథం మీద నన్ను పంపు, గెలిపించు అని అడుగుతాడు. ఎలాగూ చావు తప్పనప్పుడు పేరు లేని ముసలితనాన్ని చీకట్లో కూర్చుని ఎందుకు పోషించుకోవాలి అని కూడా అంటాడు. దేవుడు బంగారు రథాన్నీ, అలుపెరుగని రెక్కల గుర్రాలనూ ఇస్తాడు. పెలోప్స్ గెలుస్తాడు, పెళ్లాడతాడు, ఆరుగురు కొడుకులను కంటాడు. ఇందులో ఎక్కడా మచ్చ లేదు.

రెండో పాఠంలో గెలుపు రాజు సారథి మిర్టిలస్ చేతిలో ఉంటుంది. అతడు హెర్మీస్ దేవుడి కొడుకు. పెలోప్స్ అతనికి సగం రాజ్యం ఆశ చూపాడని ఒకరు, పెళ్లికూతురితో మొదటి రాత్రి ఇస్తానన్నాడని ఇంకొకరు, పెలోప్స్ మీద మనసుపడిన హిప్పోడమేయానే సారథిని ఒప్పించిందని మరొకరు చెప్పారు. మిర్టిలస్ ఇరుసు చివర దిగగొట్టే చీలలను తీసేసి, వాటి స్థానంలో మైనపు చీలలు పెట్టాడు. పరుగులో మైనం తెగింది, చక్రం ఊడింది, రాజు పగ్గాల్లో చిక్కుకుని చచ్చాడు. ఆ తర్వాత పెలోప్స్ మాట తప్పి సారథిని కొండకొమ్ము మీంచి సముద్రంలోకి తోసేశాడు. పడిపోతూ మిర్టిలస్ పెట్టిన శాపం పెలోప్స్ వంశాన్ని పట్టింది. అతని కొడుకులు ఆట్రియస్, థైయెస్టీస్‌ల మధ్య చెలరేగిన ఘోరాలు, మనవడు అగమెమ్నోన్ భార్య చేతిలో హతం కావడం, ఇవన్నీ ఆ శాపఫలమేనని కథ.

రెండు పాఠాల్లోనూ పెలోప్స్ తన సొంత బలంతో గెలవలేదు, బయటి సాయంతోనే గెలిచాడు. మొదటి సాయం అతనికి కీర్తి తెచ్చింది, రెండోది వంశనాశనం తెచ్చింది. రెక్కల గుర్రాలు మాత్రం పందేన్ని తారుమారు చేసినట్టు కాదా అని నేటి పాఠకుడికి సందేహం రావడం న్యాయమే. దానికి జవాబు హోమర్ కావ్యం ఇలియడ్ 23వ కాండలో, ట్రాయ్ యుద్ధంలో చనిపోయిన పాట్రోక్లస్ అంత్యక్రియల సందర్భంగా జరిగిన ఆటల్లో, చాలా స్పష్టంగా దొరుకుతుంది.

అక్కడి రథపందెంలో ముందు పోతున్నవాడు యూమెలస్, అతని వెనుకే డయోమిడీస్. అపోలో దేవుడు డయోమిడీస్ చేతిలోని కొరడాను పడగొడతాడు. ఎథీనా దేవత ఆ కొరడాను తిరిగి అందించి, అంతటితో ఆగక యూమెలస్ రథపు కాడిని విరగ్గొడుతుంది. అతడు కిందపడి మోచేతులు, ముఖం చీరుకుపోయి వెనకబడతాడు. డయోమిడీస్ మొదటి బహుమతి తీసుకుంటే ఒక్కరూ అభ్యంతరం చెప్పరు. యూమెలస్ మీద జాలితో, ఆ ఆటలు నడిపిస్తున్న ఆకిలీస్ అతనికి రెండో బహుమతి ఇవ్వబోతే, అది తనకు రావాల్సిందని అడ్డుపడ్డ యాంటిలోకస్ అనే కుర్రవాడు ఒక మాట అంటాడు: అతడు దేవతలకు మొక్కుకుని ఉండాల్సింది, అప్పుడు అందరికన్నా వెనక వచ్చేవాడు కాడు. దేవత కాడి విరగ్గొట్టడం గ్రీకు వీరుడి దృష్టిలో అన్యాయం కాదు. మొక్కుకోకపోవడమే ఓడినవాడి లోపం. అదే యాంటిలోకస్ ఇరుకు దారిలో తన రథాన్ని అడ్డంగా తోలి మెనెలావుస్‌ను దాటిపోయాడు. దానికి మాత్రం మెనెలావుస్ సభ మధ్య నిలదీస్తాడు, గుర్రాల మీద చెయ్యి వేసి, కావాలని కపటం చెయ్యలేదని పొసైడన్ సాక్షిగా ప్రమాణం చెయ్యమంటాడు. కుర్రవాడు ప్రమాణం చెయ్యకుండా గెలుచుకున్న ఆడగుర్రాన్ని అప్పజెప్పేస్తాడు. ఒకే పందెంలో దేవత జోక్యం మీద పేచీ లేదు, మనిషి చేసిన కపటం మీద పెద్ద తగువు నడిచింది.

పరుగుపందెంలో ఇది ఇంకా విడమరిచి కనిపిస్తుంది. వెనక పరుగెత్తుతున్న ఒడిస్సియస్ మనసులోనే ఎథీనాకు మొక్కుకుంటాడు. ఆమె అతని కాళ్లూ చేతులూ తేలిక చేస్తుంది. ముందున్న ఏజాక్స్ సరిగ్గా గమ్యం దగ్గర, బలి ఇచ్చిన ఎద్దుల పేడలో కాలు జారి బోర్లా పడతాడు. నోట్లోంచి, ముక్కులోంచి పేడ ఉమ్ముకుంటూ, ఆ దేవత ఎప్పుడూ కన్నతల్లిలా ఒడిస్సియస్ పక్కనే నిలబడుతుంది అని వాపోతాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఏజాక్స్ ఫిర్యాదు చేస్తున్నట్టు కనిపిస్తుంది గాని, నిజానికి అతడు ఒక వాస్తవాన్ని ఒప్పుకుంటున్నాడు. ఒక మనిషి పక్కన దేవత నిలబడటమన్నది ఆ మనిషి బలంలో, వంశంలో, చేతినేర్పులో ఒక భాగం. దాన్ని అతనిలోంచి విడదీసి, మిగిలినదాన్ని మాత్రమే అతని ప్రతిభ అనడం హోమర్ ప్రపంచంలో అర్థం లేని పని. దేవతలిచ్చిన కానుకలను తోసిపుచ్చరాదు, వాటిని కోరి తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదు అని ఇలియడ్ మూడో కాండలోనే పారిస్ అన్న మాట ఈ దృష్టికే చెందింది.

కవుల ఊహల్లోనే కాక నిజమైన ఒలింపిక్ క్రీడల నియమాల్లోనూ ఈ తేడా ఉంది. పోటీదారులు ప్రమాణాల దేవుడైన జియస్ విగ్రహం ముందు, కోసిన పందిమాంసపు ముక్కల మీద, ఆటల్లో తప్పు చెయ్యమని ఒట్టు పెట్టేవారు. క్రీ.పూ. 388లో థెస్సలీ ముష్టియోధుడు యూపోలస్ తన ప్రత్యర్థులకు డబ్బిచ్చి గెలిచినప్పుడు, దోషులపై వేసిన జరిమానాతో ఆరు కంచు జియస్ విగ్రహాలు చేయించి నిలబెట్టారు. ఒలింపిక్ గెలుపు డబ్బుతో రాదు, కాళ్ల వేగంతోనూ దేహబలంతోనూ వస్తుంది అని ఒక విగ్రహం మీద చెక్కించారు. పందేనికి ముందు దేవుడికి మొక్కడం మాత్రం ఎవరూ తప్పుపట్టలేదు. అదే పుణ్యక్షేత్రంలో పెలోప్స్‌కు ప్రత్యేకమైన ఆవరణ ఉండేది, ఏటా అక్కడి అధికారులు అతనికి నల్ల పొట్టేలును బలి ఇచ్చేవారు. మిర్టిలస్ కథ వాళ్లకు తెలియక కాదు. పిండార్ ఆ సారథి పేరే ఎత్తకుండా కథ చెప్పడం ఒక పక్షం వహించడమని నా నమ్మకం. ఒలింపిక్ క్రీడల మూలపురుషుడిగా తలచే పెలోప్స్ గెలుపు దేవుడి దయవల్ల వచ్చిందే తప్ప లంచం వల్ల వచ్చింది కాదని అతడు నిలబెట్టదలచాడు.

మరి దేవుడు అందరిలో ఒకణ్ణే ఎందుకు ఎంచుకుంటాడు? కథలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఆ దయ వెనుక దాదాపు ప్రతిసారీ ఒక పాత సంబంధం కనిపిస్తుంది. దీనికి అన్నిటికన్నా అందమైన ఉదాహరణ థెస్సలీలోని ఫెరే రాజు అడ్మీటస్ కథ. తన కొడుకు అస్క్లేపియస్‌ను జియస్ పిడుగుతో చంపినందుకు అపోలో కోపించి, ఆ పిడుగులు చేసిన సైక్లోప్స్ అనే ఒంటికన్ను రాక్షసులను చంపాడు. శిక్షగా అతడు ఒక మనిషి దగ్గర ఏడాది జీతగాడుగా ఉండాల్సి వచ్చింది. ఆ మనిషి అడ్మీటస్. పశువులు కాసే ఆ జీతగాణ్ణి యజమాని ఆదరంగా చూసుకున్నాడు. తర్వాత అడ్మీటస్ ఇయోల్కస్ రాజు పెలియాస్ కూతురు ఆల్సెస్టిస్‌ను అడగబోతే, సింహాన్నీ అడవిపందినీ ఒకే రథానికి కట్టి తోలుకువచ్చినవాడికే పిల్లనిస్తానని ఆ రాజు అన్నాడు. అపోలో వాటిని కాడికి కట్టి తెచ్చి అడ్మీటస్ చేతికి పగ్గాలిచ్చాడు. మందలను కాసిన దేవుడికి మృగాలను మచ్చిక చెయ్యడం తెలిసిన పని, ఆదరించిన యజమానికి అది చేసిపెట్టడం ఋణం తీర్చుకోవడం. అడ్మీటస్ ఆ జంటను రథానికి కడుతున్న దృశ్యం స్పార్టా దగ్గరి అమిక్లేలో అపోలో సింహాసనం మీద చెక్కి ఉండేదని క్రీ.శ. రెండో శతాబ్ది యాత్రికుడు పౌసానియాస్ రాశాడు. పాట్రోక్లస్ ఆటల్లో కాడి విరిగి పడిపోయిన యూమెలస్ ఈ అడ్మీటస్, ఆల్సెస్టిస్‌ల కొడుకే. అతని గుర్రాలు అపోలో పెంచినవి. ఆ ఇంటితో అపోలోకున్న సంబంధం రెండో తరానికీ సాగిందన్నమాట.

అడ్మీటస్ పందెం గెలిచి పెళ్లి చేసుకున్నాడు, పెళ్లినాటి బలుల్లో ఆర్టెమిస్ దేవతను మరిచిపోయాడు. పడకగది తలుపు తీస్తే లోపల చుట్టలు చుట్టుకున్న పాములు కనిపించాయి. దేవతను శాంతింపజెయ్యమని చెప్పింది అపోలోయే. అడ్మీటస్‌కు చావు ఘడియ వచ్చినప్పుడు అతని బదులు ఇంకొకరు ఇష్టపడి చనిపోతే అతణ్ణి విడిచిపెట్టేలా విధిదేవతలను ఒప్పించింది కూడా ఆయనే. ఆ ఘడియలో ముసలి తల్లిదండ్రులు కాదన్నారు, భార్య సరేనంది. క్రీ.పూ. 438లో ఏథెన్స్‌లో ఆడిన యూరిపిడీస్ నాటకం ఈ కథ మీదే నడుస్తుంది, అందులో హెరాక్లీస్ మృత్యువుతో కుస్తీ పట్టి ఆల్సెస్టిస్‌ను వెనక్కి తెస్తాడు. పెళ్లిపందెంలో అందిన సాయం పందెంతో ముగిసిపోలేదు, కాపురం పొడవునా వరాలుగా, ఆపదలుగా తిరిగివస్తూనే ఉంది.

మొక్కు చెల్లించకపోతే దేవత ఊరుకోదన్న మాట మనకు కొత్త కాదు, గ్రీకులకూ కాదు. అటలాంటా కథ దాని మీదే నిలబడి ఉంది. పెళ్లి వద్దనుకున్న ఆ వేటగత్తె తనతో పరుగెత్తి గెలిచినవాణ్ణే చేసుకుంటానంది, ఓడినవాడికి చావే. కొన్ని పాఠాల్లో ఆమె వరుణ్ణి ముందు పరుగెత్తనిచ్చి, తాను ఆయుధం పట్టుకుని తరుముతుంది. అంటే ఇక్కడ ఓయినోమావోస్ పాత్రను కూతురే పోషిస్తోంది. హిప్పోమెనీస్ అనే యువకుడు ప్రేమదేవత ఆఫ్రొడైటీకి మొక్కుకున్నాడు, ఆమె మూడు బంగారు ఆపిల్ పళ్లు ఇచ్చింది. హెసియడ్ పేరు మీద వచ్చిన ఒక ప్రాచీన కావ్యంలోని ముక్క చినిగిపోయిన పపైరస్ మీద దొరికింది. అందులో మొదటి పండు విసరగానే అటలాంటా గాలిరక్కసి హార్పీలా దాన్ని తన్నుకుపోతుంది. ఇద్దరూ ఒకే బహుమతి కోసం పరుగెత్తడం లేదని, అతడు ప్రాణం కోసం పరుగెత్తుతున్నాడని ఆ కవి విడమరిచి చెబుతాడు. రోమన్ కవి ఓవిడ్ చెప్పిన పాఠంలో హిప్పోమెనీస్ గెలిచాక కృతజ్ఞత మరిచాడు, దేవతకు ధూపమైనా వెయ్యలేదు. ఆమె కన్నెర్రజేసి, సిబెలీ అమ్మవారి గుడిలో దంపతులకు తగని కోరిక పుట్టించింది. అపచారానికి అలిగిన సిబెలీ ఇద్దరినీ సింహాలుగా మార్చి తన రథానికి కట్టుకుంది.

ట్రాయ్ యుద్ధానికి కారణమైన హెలెన్ తండ్రి టిండారియస్ విషయంలోనూ ఇలాంటి మరుపే. అతడు ఒకసారి దేవతలందరికీ బలులిచ్చి ఆఫ్రొడైటీని మరిచాడని, అందుకే ఆమె అతని కూతుళ్లకు ఒక్క పెళ్లితో నిలవని రాత రాసిందని కవి స్టెసికోరస్ చెప్పాడు. ఇందుకు భిన్నంగా హిప్పోడమేయా మాత్రం తన బాకీ తీర్చుకుంది. పెలోప్స్‌తో పెళ్లి జరిగినందుకు హేరా దేవతకు కృతజ్ఞతగా పదహారు మంది స్త్రీలను కూడగట్టి, కన్యల పరుగుపందేలు మొదలుపెట్టిందని ఒలింపియా వాళ్లు పౌసానియాస్‌కు చెప్పారు. ఆయన కాలంలోనూ నాలుగేళ్లకోసారి పదహారు మంది స్త్రీలు హేరాకు వస్త్రం నేసి, ఆ పందేలు నడిపేవారు. ఆడపిల్లల కోసం మైదానం పొడవును సుమారు ఆరో వంతు తగ్గించేవారు. మగవాళ్లు వరుడి గెలుపును తలుచుకునే చోటనే ఆడవాళ్లు వధువు మొక్కును తలుచుకున్నారన్నది నన్ను బాగా ఆకట్టుకున్న విషయం.

ఇంతవరకు దేవుడు సాయం చేసేవాడుగానే వచ్చాడు. దేవుడే పోటీదారుగా దిగిన కథల్లో వధువు గొంతు మొదటిసారి వినిపిస్తుంది. ఎవీనస్ కూతురు మార్పెస్సాను అపోలో కోరాడు. మెస్సీనియా వీరుడు ఇడాస్ పొసైడన్ ఇచ్చిన రెక్కల రథం మీద ఆమెను ఎత్తుకుపోయాడు. వెంటపడ్డ తండ్రి అందుకోలేక లైకోర్మస్ నది దగ్గర గుర్రాలను చంపి తానూ నదిలో దూకాడు, ఆ నదికి అతని పేరే వచ్చింది. అపోలో అడ్డుపడితే ఇడాస్ దేవుడి మీదికే విల్లు ఎక్కుపెట్టాడని ఇలియడ్ తలుచుకుంటుంది. జియస్ ఇద్దరినీ విడదీసి, ఎవరు కావాలో నువ్వే చెప్పు అని మార్పెస్సాను అడిగాడు. తనకు ముసలితనం వచ్చాక దేవుడు వదిలేస్తాడని ఆమె మనిషినే ఎంచుకుంది. ద్రౌపది మత్స్యయంత్రం, జనకుడి శివధనుస్సు తెలిసిన మనం ఈ కథలన్నిటినీ స్వయంవరాలని పిలవడానికి తొందరపడతాం గాని, వధువు స్వయంగా వరించిన పెళ్లి వీటిలో నిజానికి ఇదొక్కటే. అక్కడ కూడా ఆమెకు ఆ అవకాశం ఇచ్చింది దేవుడే.

డయనైరాకు అదీ దక్కలేదు. అకిలోవస్ నదీదేవుడు ఒకసారి ఎద్దుగా, ఒకసారి మెలికలు తిరిగే పాముగా, ఒకసారి గడ్డం నుంచి నీళ్లు కారే ఎద్దుముఖపు మనిషిగా ఆమె తండ్రిని అడగడానికి వచ్చాడు. జియస్ కొడుకు హెరాక్లీస్ అతనితో కుస్తీ పట్టి ఓడించాడు. సోఫోక్లీస్ నాటకంలో ఆమె ఏళ్లు గడిచాక ఆ రోజును తలుచుకుంటుంది. పోరు ఎలా సాగిందో తాను చెప్పలేనని, భయం లేకుండా చూసినవాడెవడైనా ఉంటే వాడే చెప్పాలని, తన అందమే తనకు కీడు తెస్తుందేమోనని వణుకుతూ కూర్చున్నానని అంటుంది. పోటీలకు అధిపతి అయిన జియస్ చివరికి మంచిగా తీర్పు ఇచ్చాడు అని, వెంటనే, అది మంచే అయితే, అని చేరుస్తుంది. దేవుడి తీర్పును కాదనకుండా, ఆ పెళ్లి తనకు మేలు చేసిందా అన్న సందేహాన్ని వధువు నోట అంత క్లుప్తంగా పలికించిన చోటు గ్రీకు సాహిత్యంలో నాకు ఇంకొకటి తెలియదు.

ఇవన్నీ మనసులో ఉంచుకుని ఒడిస్సీ 21వ కాండ చదివితే, హోమర్ ఆ పందేన్ని ఎంత శ్రద్ధగా కట్టాడో తెలుస్తుంది. పెనెలొపీ భర్త ఒడిస్సియస్ ఇరవై ఏళ్లుగా ఇల్లు చేరలేదు. 108 మంది ఇంట్లో తిష్ఠవేసి పెళ్లాడమని పీడిస్తున్నారు. ఒడిస్సియస్ వింటిని ఎక్కుపెట్టి 12 గొడ్డళ్ల గుండా బాణం దూసుకుపోయేలా కొట్టినవాణ్ణి చేసుకుంటానని పెనెలొపీ ప్రకటిస్తుంది. ఇక్కడ పందెం పెట్టింది తండ్రి కాదు, వధువే. అయినా ఆ కాండలోని మొదటి వాక్యమే, ఆ ఆలోచనను ఆమె మనసులో పుట్టించింది ఎథీనా అని చెబుతుంది. రెండు కాండల ముందే ఆమె ఆ సంగతిని బిచ్చగాడి వేషంలో ఉన్న భర్తతో తన ఆలోచనగా చెప్పి ఉంది. ఇందులో వైరుధ్యం వెతకనక్కరలేదు. ఒకే నిర్ణయం మనిషిదీ దేవతదీ కావడం హోమర్‌కు మామూలు విషయం.

ఆ వింటికి కూడా ఒక చరిత్ర ఉంది. అది ఒకప్పుడు ఈకేలియా రాజు యూరిటస్‌ది. విలువిద్యలో అపోలోనే సవాలు చేసి ఆ దేవుడి చేతిలో చచ్చినవాడతడు. విలువిద్యలో తనను మించినవాడికి కూతురు ఐయోలీని ఇస్తానని పందెం పెట్టి, హెరాక్లీస్ గెలిచాక మాట తప్పినవాడూ అతడేనని ఇతర కథలు చెబుతాయి. విల్లు అతని కొడుకు ఇఫిటస్‌కు వచ్చింది, అతడు స్నేహచిహ్నంగా ఒడిస్సియస్‌కు ఇచ్చాడు. తర్వాత ఇంటికి వచ్చిన ఇఫిటస్‌ను అతిథి అని కూడా చూడకుండా హెరాక్లీస్ చంపేశాడు. దేవుణ్ణి ధిక్కరించినవాడి విల్లు, అతిథిహత్యకు బలైనవాడి కానుక, ఇప్పుడు అతిథిమర్యాదను మంటగలిపిన వరుల మధ్యకు వచ్చింది. పైగా ఆ రోజు ఇథాకాలో అపోలో పండుగ. వింటిని వంచలేకపోయిన వరులు దానికి కొవ్వు పూసి నిప్పు దగ్గర వెచ్చబెట్టారు. అదీ పనిచెయ్యకపోతే, పండుగనాడు విల్లు ఎవరు ఎక్కుపెడతారు, రేపు అపోలోకు మేకలను బలిచ్చి చూద్దాం అని వాళ్లలో ముఖ్యుడైన యాంటినోవస్ వాయిదా వేశాడు. మొక్కు గుర్తొచ్చేసరికి వాళ్లకు రేపన్నదే లేకుండా పోయింది.

ఒడిస్సియస్ వింటిని అటూ ఇటూ తిప్పి పురుగు తొలిచిందేమో చూసుకుని, గాయకుడు వీణకు కొత్త తీగ బిగించినంత సులువుగా నారి ఎక్కించాడు. వేలితో మీటితే అది వానకోయిలలా పలికింది. అప్పుడే ఆకాశంలో జియస్ ఉరిమాడు. అతడు పీట మీంచి లేవకుండానే బాణం వదిలాడు. ఈ పందెంలో దేవతలు ఆలోచన ఇచ్చారు, శకునం ఇచ్చారు, రెక్కల గుర్రాలను మాత్రం ఇవ్వలేదు. తర్వాతి కాండలో పోరు మొదలయ్యాక ఎథీనా అక్కడే ఉండి కూడా గెలుపును ఒక్కసారిగా చేతిలో పెట్టలేదని, తండ్రీకొడుకుల బలాన్నీ ధైర్యాన్నీ ఇంకా పరీక్షిస్తూనే ఉందని హోమర్ ప్రత్యేకంగా చెప్పాడు. దేవత సాయం మనిషి ప్రయత్నానికి బదులుగా రాదని, ఆ ప్రయత్నం నిలబడేచోటికి వస్తుందని ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

దేవతలు లేని పెళ్లిపందెం ఎలా ఉంటుందో హెరొడోటస్ చరిత్రలో చూడవచ్చు. క్రీ.పూ. ఆరో శతాబ్ది మొదటి భాగంలో సిక్యోన్ పాలకుడు క్లైస్తనీస్ ఒలింపిక్ రథపందెం గెలిచి, తన కూతురు ఆగరిస్టేకు తగినవాడినని అనుకునేవాడు 60 రోజుల్లోగా సిక్యోన్ చేరాలని అక్కడే చాటింపు వేయించాడు. ఇటలీ నుంచి, ఏటోలియా నుంచి, ఏథెన్స్ నుంచి వరులు వచ్చారు. వాళ్ల కోసం అతడు పరుగుబాట, కుస్తీ మైదానం కట్టించి, ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకుని వాళ్ల గుణాన్నీ, చదువునూ, కోపతాపాలనూ, ముఖ్యంగా పంక్తిలో ప్రవర్తననూ గమనించాడు. అతని మనసులో మొదట నిలిచినవాడు ఏథెన్స్ యువకుడు హిప్పోక్లైడిస్. నిర్ణయం చెప్పాల్సిన రోజున క్లైస్తనీస్ నూరు ఎద్దులను కోసి విందు చేశాడు. తాగిన హిప్పోక్లైడిస్ బల్ల తెప్పించుకుని, దాని మీద లకోనియా నాట్యం, ఏథెన్స్ నాట్యం చేసి, చివరికి తలకిందులుగా నిలబడి కాళ్లతో అభినయించాడు. పెళ్లిని నాట్యమాడి పోగొట్టుకున్నావు అని రాజు అంటే, హిప్పోక్లైడిస్‌కు లెక్కలేదు అని అతడు బదులిచ్చాడు. ఆగరిస్టే ఏథెన్స్‌కే చెందిన మెగాక్లీస్‌కు భార్య అయింది. తాత పేరే పెట్టుకున్న వారి కొడుకు క్లైస్తనీస్ క్రీ.పూ. 508లో ఏథెన్స్ ప్రజాపాలనకు పునాది వేశాడు, ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ ఆ దంపతుల మునిమనవడు.

ఈ పందెంలో ఎవరూ ఎవరికీ మొక్కుకోలేదు, ఆగరిస్టే ఏమనుకుందో హెరొడోటస్ చెప్పలేదు. రెక్కల గుర్రాలు కావాల్సిన అవసరమూ ఎవరికీ రాలేదు, ఎందుకంటే క్లైస్తనీస్ పిల్లను ఇవ్వడానికే పందెం పెట్టాడు, ఇవ్వకుండా ఉండడానికి కాదు. ఓడినవాళ్లు కూడా పెద్ద ఇళ్ల బిడ్డలు, రేపు అవసరమయ్యే ఊళ్ల ప్రతినిధులు. అందుకే ఇంత దూరం వచ్చి ఇంటికి దూరంగా ఉన్నందుకు, తన కూతురిని కోరి తనను గౌరవించినందుకు అంటూ, ఓడిన ప్రతి ఒక్కరికీ టాలెంట్ అనే పెద్ద తూకమంత వెండి ఇచ్చి సాగనంపాడు.